నాలుగో నంబరు ట్యాంకు అలిగింది

చిక్కాల నూకరాజు ట్యాంకు మీద ఒక్క దెబ్బ కొట్టాడంటే లోపల నూనె ఎంత ఎత్తుందో అంగుళం తేడా లేకుండా చెప్పేస్తాడు. ఈ మాట ఎవరో అన్నది కాదు. జనవరి తొమ్మిదో తారీఖు పొద్దున్న ఎనిమిదీ యాభైకి, క్యాంటీన్లో రెండో పెసరట్టు తుంచుకుంటూ నూకరాజే స్వయంగా చెప్పాడు.

"టేపులెందుకండీ, మీటర్లెందుకండీ. ఓ స్పానరుంటే చాలు. కోస్తా మొత్తమ్మీద ఇలాంటి చెయ్యి ఇంకోటి లేదు. కావాలంటే ఎవర్నైనా అడగండి."

ఎవర్నీ అడగక్కర్లేకుండానే, తొమ్మిదీ పదికి ఆ మాట అబద్ధమని తేలిపోయింది.

కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీలో ఓడల మీదొచ్చే పామాయిల్ దించుకుని, శుభ్రం చేసి, లారీలకెత్తి పంపుతారు. నూనె దాచడానికి తొమ్మిది ట్యాంకులున్నాయి. ఒక్కోటి పన్నెండు మీటర్ల ఎత్తు, చుట్టూ తిరిగి పైకెళ్ళే నలభై ఎనిమిది ఇనప మెట్లు. రోజూ పొద్దున్నే ఆ మెట్లెక్కి, పైన మూత తీసి, చివర ఇత్తడి గుండున్న టేపు లోపలికి వదిలి, నూనె ఎక్కడిదాకా ఉందో చూసి రిజిస్టర్లో రాయడం నూకరాజు ఉద్యోగం. కాంట్రాక్టు ఉద్యోగమే. పర్మనెంటు చేసే కాగితం జనరల్ మేనేజరుగారి బల్ల మీద నాలుగు నెలల్నించీ ఫ్లాస్కు కింద ఉంది.

మెట్లెక్కే ఓపిక లేనివాళ్ళు స్పానరుతో ట్యాంకుని తట్టి చూస్తారు. నూనె ఉన్నంత మేర మొద్దుగా పలుకుతుంది, ఖాళీగా ఉన్నచోట ఖంగుమంటుంది. ఎప్పుడైనా ఓసారి, సుమారుగా చూసుకోవడానికి చేసే పని అది. నూకరాజు ఓ పొడుగాటి వెదురు గడకి స్పానరు కట్టుకుని, కింద నిలబడే తొమ్మిది ట్యాంకుల్నీ టకటకా కొట్టేసి, పావుగంటలో రిజిస్టరు నింపేసేవాడు. అందరూ దాన్ని ప్రతిభ అనుకున్నారు.

అసలు సంగతి వేరు. నూకరాజుకి ఎత్తంటే భయం. తొమ్మిదో మెట్టు దాకా బానే ఉంటుంది. పదో మెట్టు మీద కాలు పెట్టాలంటే మోకాళ్ళు వాటంతటవే విడివిడిగా ఆలోచించుకోవడం మొదలెడతాయి. ట్యాంకులు కొలిచేవాడికి ఎత్తంటే భయమని తెలిస్తే ఫ్లాస్కు కింద కాగితం ఏమవుతుందో నూకరాజుకి తెలుసు. అందుకే ఏడాదిన్నరగా ఈ విషయం భూమ్మీద అతనికి తప్ప ఎవరికీ తెలీదు.

ఆ రోజు చలి బాగా ఉంది. చలికి పామాయిల్ నెయ్యిలాగే గడ్డకట్టి, ట్యాంకు గోడల లోపలివైపు జానెడు మందాన పేరుకుపోయింది. ఆ పేరుకున్నదాని మీద కొడితే కింది నుంచి పైదాకా మొద్దు చప్పుడే. నూకరాజు నాలుగో నంబరు ట్యాంకుని గడ అందినంత ఎత్తు దాకా వరసగా కొట్టుకుంటూ పోయి, 'ఎనిమిది మీటర్ల నలభై' అని రాసేసి పెసరట్టుకి పోయాడు. తొమ్మిదింటికి లారీలకి నూనె ఎక్కించే పంపు వేశారు. మొదటి లారీ సగం కూడా నిండకుండానే పంపు గుక్కపట్టి ఏడవడం మొదలెట్టింది. లోపలున్నది అర మీటరు. బయట పదకొండు లారీల వాళ్ళు ఒకేసారి హారన్ కొట్టారు.

షిఫ్టు ఇంజనీరు కడలి దమయంతి మెట్లెక్కి, టేపు వేసి చూసి, దిగొచ్చి, నూకరాజుని జనరల్ మేనేజరుగారి గదిలో నిలబెట్టింది.

"ఎనిమిది మీటర్లని రాశాడు సార్. అర మీటరుంది. ఇతను పైకెక్కాడో లేదో అడగండి."

జనరల్ మేనేజరు మల్లంపల్లి పరాంకుశంగారు అంతకు ముందురోజే ఓ రిసార్టులో మూడు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. శిక్షణ పేరు 'యంత్రాలతో మమేకం'. ఆ మూడు రోజులూ ఆయన ఓ నీళ్ళ మోటారుని కౌగలించుకుని కూర్చున్నారని ఆయన డ్రైవరు చెప్పాడు.

"చెప్పు నాయనా. ఎందుకిలా జరిగింది?"

నూకరాజు ఫ్లాస్కు వైపు చూశాడు. నోటికేదొస్తే అది అనేశాడు.

"అలిగిందండి."

"ఎవరు?"

"ట్యాంకండి. నాతో ఎనిమిదుందనే చెప్పిందండి. తర్వాత ఏమైందో మరి. నిన్నొక లారీ డ్రైవరు దాని మీద కిళ్ళీ ఉమ్మేశాడండి. అప్పట్నించీ అదోలా ఉందండి."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కళ్ళు కూడా తుడుచుకున్నారు.

"ఇరవై ఏడేళ్ళ నా సర్వీసులో ఒక ట్యాంకు గురించి ఇలా మాట్లాడిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను దమయంతీ."

"నేనూ మొదటిసారే చూస్తున్నాను సార్" అంది దమయంతి.

మధ్యాన్నానికల్లా నోటీసు బోర్డు మీద సర్క్యులర్ పడింది. 'సదరు నాలుగవ నంబరు ట్యాంకు యొక్క మనోభావములు దెబ్బతినుట వలన మట్టపు లెక్కలో వ్యత్యాసము సంభవించినట్లు యాజమాన్యము దృష్టికి వచ్చినది. ఇకపై మట్టము కొలుచు సిబ్బంది ముందుగా ట్యాంకునకు నమస్కరించి, కుశల ప్రశ్నలు వేసి, తదనంతరమే కొలతకు ఉపక్రమించవలెను.'

నూకరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఓ నమస్కారంతో పోతుందనుకున్నాడు.

పోలేదు. మూడోరోజు రెండో సర్క్యులర్. 'ఒకరి కడుపులోనికి వారి అనుమతి లేకుండా ఇత్తడి గుండు దింపుట అమానుషము' కాబట్టి టేపు నిషేధం. దింపాలంటే ట్యాంకు ముందస్తు సమ్మతి కావాలి, సమ్మతి పత్రం మూడు కాపీల్లో ఉండాలి. ట్యాంకు సంతకం చెయ్యలేదు కాబట్టి టేపులన్నీ స్టోర్సులో పెట్టి తాళం వేశారు. వారం తిరిగేసరికి స్పానరుతో కొట్టడం కూడా నిషేధం. కొట్టడం కొట్టడమే, ఎందుకు కొట్టారన్నది అనవసరం, నిమరవచ్చును. ట్యాంకుల పైకప్పుల మీద ఆ వారమే బిగించిన, మట్టం కొలిచే రాడార్ గేజులు రాత్రింబవళ్ళు లోపలికి తొంగి చూస్తున్నాయని ఎవరో గుర్తు చేస్తే, పరాంకుశంగారు సిగ్గుపడి వాటికి పట్టుశాలువాలు కప్పించారు. ఆ తర్వాత అవి తెర మీద తొమ్మిది ట్యాంకులకీ కలిపి 'సమాచారం లేదు' అని మాత్రమే చూపించాయి.

గోడలకి పేరుకున్న నూనె కరగాలంటే ట్యాంకు అడుగునున్న గొట్టాల్లోకి ఆవిరి వదలాలి. దమయంతి ఆవిరికి అనుమతి అడిగింది.

"కోపంగా ఉన్నవాళ్ళకి వేడి చేసే పదార్థాలు పెడతామా దమయంతీ?" అన్నారు పరాంకుశంగారు. "చల్లబడనీ."

చల్లబడింది. బాగా గడ్డకట్టింది.

"మరి మట్టం ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగింది దమయంతి.

దానికి నాలుగో సర్క్యులర్ వచ్చింది. ట్యాంకులు తమ మట్టాన్ని తామే స్వయంగా ప్రకటించుకుంటాయి. ఆ ప్రకటన విని రిజిస్టర్లో రాయడానికి 'మట్ట మనోభావ సంధానకర్త' అనే పదవి సృష్టించారు. ట్యాంకు మనసు కనిపెట్టగలిగిన మనిషి ఫ్యాక్టరీలో ఒకడే కాబట్టి పోటీ లేకుండా నూకరాజుకే ఇచ్చారు. ఓ కుర్చీ ఇచ్చారు. మెళ్ళో వేసుకోడానికి కార్డిచ్చారు. మెట్లెక్కక్కర్లేదన్నారు.

నూకరాజుకి జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేదు. పొద్దున్నే వచ్చి నాలుగో నంబరుకి చెవి ఆన్చి, కళ్ళు మూసుకుని, మధ్యమధ్యలో "అలాగా", "అయ్యో", "పోన్లే" అంటూ ఐదు నిమిషాలు గడిపి ఏదో ఒకటి రాసేవాడు. చుట్టూ చేరినవాళ్ళు ఊపిరి బిగబట్టుకుని చూసేవారు. ఒకరిద్దరు తమ ఇంట్లో మిక్సీ కూడా ముభావంగా ఉంటోందని చెప్పుకుని సలహా అడిగారు.

అయినా అలక తీరినట్టు లేదని పరాంకుశంగారికి బెంగ పట్టుకుంది. పెళ్ళిలో అల్లుడికి అలకపాన్పు వేసినట్టు, ట్యాంకు పక్కన ఓ పందిరిమంచం వేయించి, పరుపు పరిచి, ఆయనే స్వయంగా వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డారు.

"ఏం కావాలో అడుగు నాయనా నూకరాజూ. మొహమాటపడొద్దని చెప్పు."

నూకరాజు చెవి ఆన్చాడు. ఆ పొద్దున్న ఇంట్లో టిఫిను తినలేదు.

"గొట్టం కాజాలడుగుతోందండి."

"ఎన్ని?"

"రెండు కిలోలండి. రోజూనండి."

కాజాల పొట్లం రోజూ పదింటికి పందిరిమంచం మీద పెట్టి, ట్యాంకుకి ఏకాంతం కావాలని నూకరాజు ఒక్కణ్ణీ వదిలేసి వెళ్ళిపోయేవారు. పదకొండింటికి ఖాళీ పొట్లం చూసి పరాంకుశంగారు తృప్తిగా తల పంకించేవారు. వారం తర్వాత ఏడో నంబరు ట్యాంకుకి అసూయ పుట్టిందని నూకరాజు రిపోర్టు రాశాడు. దానిక్కూడా ఓ కిలో శాంక్షనయింది.

ఓరోజు దమయంతి అతని కుర్చీ ముందు నిలబడింది.

"నూకరాజూ, పాకం ట్యాంకు మూతికి అంటలేదేంటి? నీ మూతికి అంటింది."

"ప్రసాదంలా కొంచెం నాకూ ఇస్తోందండి మేడంగారూ."

"నిజంగా ఎంతుంది ఇందులో?"

"అర మీటరేనండి. ఆకలిగా ఉందంటోందండి."

ఆకలని చెబితే కాజాలు ఆగవని నూకరాజు లెక్క. కానీ ఆ మాట మూడు షిఫ్టుల వాళ్ళూ విన్నారు. వాళ్ళకీ మనసులున్నాయి. పొద్దుటి షిఫ్టువాళ్ళు, పాపం ఆకలితో ఉందని రెండో నంబర్లోంచి కొంత నూనె మళ్ళించి నాలుగులో పోశారు. మధ్యాన్నం షిఫ్టువాళ్ళు, పొద్దున్న పెట్టారో లేదో అని ఐదులోంచి పోశారు. రాత్రి షిఫ్టువాళ్ళు, ఖాళీ కడుపుతో పడుకోకూడదని ఆరులోంచి పోశారు. ఎవరికి వాళ్ళు రెండు ముద్దలు ఎక్కువే పెట్టారు. కొలవడం నిషేధం కాబట్టి ఎవరూ కొలవలేదు, రాయడానికి అంకె లేదు కాబట్టి ఎవరూ రాయలేదు. రిజిస్టర్లో మాత్రం వారం పాటు ప్రతిరోజూ ఒకే చేతిరాతతో 'అర మీటరు, ఆకలి' అని ఉంది.

ఈలోగా హెడ్డాఫీసు దాకా కబురు పోయింది. ఛైర్మన్‌గారు స్వయంగా వస్తున్నారన్నారు. ఆరోజే ఓడ కూడా వస్తోంది. ఓడలోంచి నూనె తిన్నగా నాలుగో నంబర్లోకి పంపు చేస్తుంటే, ఆ ట్యాంకు పాదాల దగ్గరే షామియానా వేసి సభ జరపాలని పరాంకుశంగారి సంకల్పం. ట్యాంకు భోజనం చేస్తూండగా సన్మానం చెయ్యడం శాస్త్రోక్తంగా ఉంటుందట. ఆ సభలోనే నూకరాజు పర్మనెంటు కాగితం ఛైర్మన్‌గారి చేతుల మీదుగా అందుతుంది. కాగితం ఫ్లాస్కు కిందనుంచి బయటికి రావడం నూకరాజు కళ్ళారా చూశాడు. దాని మీద గుండ్రంగా కాఫీ మరక ఉంది.

ఫిబ్రవరి రెండు, పదింటికి పంపు మొదలైంది. పదిన్నరకి సభ మొదలైంది. రెండొందల మంది కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళ నెత్తిన పన్నెండు మీటర్ల నాలుగో నంబరు, మెడలో లారీకి కట్టేంత బంతిపూల దండతో నిలబడి ఉంది. నూకరాజుకి కొత్త చొక్కా వేసి, కాలర్‌కి చిన్న మైకు తగిలించారు. ట్యాంకు చెప్పేది అతని నోటి ద్వారా సభంతటికీ వినపడాలని ఏర్పాటు.

"ఈనాడు మట్టము అనునది కేవలము అంకె కాదు" అని పరాంకుశంగారు ఉపన్యసిస్తున్నారు. "మట్టము ఒక అనుభూతి. ఒక ట్యాంకు తనను తాను ఎంత నిండుగా భావించుకొనుచున్నదో అదియే దాని యథార్థ మట్టము."

ఛైర్మన్‌గారు చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే దమయంతి స్టేజీ వెనకనుంచి వచ్చి, నూకరాజు కుర్చీ పక్కన వంగింది. వంగినావిడ ముందు మైకు స్విచ్చి ఆపింది.

"ఇప్పుడే మూడు షిఫ్టుల వాళ్ళనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగాను. అందరూ పోశారట. రోజూ."

"ఏంటండి పోసింది?"

"నూనె. దీన్లో. నువ్వు ఆకలన్నావని." ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఓడలోంచి ఇంకా వస్తోంది. పంపు దగ్గరవాళ్ళని ఆపమంటే, నీ రిజిస్టర్లో అర మీటరుంది కదా, రాతపూర్వకంగా వేరే అంకె చూపించమంటున్నారు. ఎంతుందో చెప్పు. ట్యాంకు చెప్పేది కాదు, నువ్వు చెప్పేది."

నూకరాజు తల పైకెత్తి చూశాడు. పైన అంచు కనపడింది. ఆ అంచు కింద షామియానా. షామియానా కింద రెండొందల మంది, ముందు వరసలో క్యాంటీన్లో పెసరట్లు వేసే సుభద్రమ్మగారు, ఆవిడ పక్కన ఆవిడ మనవరాలు.

అతను లేచి, స్టేజీ వెనక పడుకోబెట్టి దాచుకున్న వెదురు గడ తీసి, సభంతా చూస్తుండగా ట్యాంకుని కొట్టాడు. అందరూ అబ్బా అన్నారు, తమకే తగిలినట్టు. కింద కొట్టాడు, మొద్దు. నడుము దగ్గర, మొద్దు. గడ అందినంత పైన కొట్టాడు, మొద్దు. గోడకి పేరుకున్న గడ్డో, అంచుదాకా వచ్చిన నూనో, కోస్తా మొత్తమ్మీద ఇంకోటి లేని ఆ చేతికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఎక్కి చూడాలి" అంది దమయంతి. "స్టోర్సు తాళం పగలగొట్టి టేపు తెచ్చాను. మూత బోల్టులు తియ్యడానికి ఆ గడకున్న స్పానరు విప్పి పట్టుకో. పద."

నూకరాజు ఎక్కాడు. ఒకటి, రెండు, మూడు. దండ కింది కొస దాటాడు. ఎనిమిది. తొమ్మిది. అక్కడ ఆగిపోయాడు. రెండు చేతులతో కడ్డీని కావలించుకుని, మెట్టు మీద కూలబడి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ కావలించుకోవడంలో కాలర్ మైకు స్విచ్చి కడ్డీకి నొక్కుకుని మళ్ళీ పని చెయ్యడం మొదలెట్టింది. ఆ సంగతి అతనికి తెలీదు.

సభలో నాలుగు పెద్ద స్పీకర్లలోంచి ఒకేసారి ఓ వణుకుతున్న గొంతు వినపడింది.

"అమ్మో… నా వల్ల కాదు… నాకు ఎత్తంటే భయం…"

పరాంకుశంగారు ఉపన్యాసం ఆపేశారు.

దమయంతి అతని చేతిలోంచి స్పానరు లాక్కుని, అతని భుజం మీదుగా కాలేసి, పైకి వెళ్ళిపోయింది. స్పీకర్లు ఆగలేదు.

"ఏడాదిన్నరగా ఎవరికీ చెప్పలేదు… తొమ్మిదో మెట్టు దాటితే నాకు కాళ్ళు పనిచెయ్యవు… కింద ఉంటేనే బావుంటుంది నాకు…"

పరాంకుశంగారి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. ఛైర్మన్‌గారి చెయ్యి పట్టుకున్నారు.

"విన్నారా సార్. పన్నెండు మీటర్ల ఎత్తున నిలబెట్టాం. పాపం, దానికి ఎత్తంటే భయమట. ఇన్నేళ్ళూ ఒక్కరం కూడా అడగలేదు."

ఛైర్మన్‌గారు కూడా కదిలిపోయారు. మైకు దగ్గరికొచ్చి అక్కడికక్కడే ప్రకటించారు. 'భయగ్రస్తములైన ట్యాంకుల సౌకర్యార్థము' ఫ్యాక్టరీలోని తొమ్మిది ట్యాంకులనీ తొమ్మిదో మెట్టు ఎత్తుకి కోసెయ్యడానికి తక్షణం కమిటీ వేస్తున్నామన్నారు. నాలుగో నంబరుతో ఈ రోజే మొదలెట్టాలన్నారు. వెల్డరుని పిలవమన్నారు. ఎవరో పరిగెత్తారు.

సరిగ్గా అప్పుడు పైనుంచి దమయంతి గొంతు వినపడింది. మైకు లేకపోయినా అందరికీ వినపడింది.

"పదకొండు మీటర్ల అరవై. పంపు ఆపండి. నేను టేపు చేత్తో పట్టుకుని చెబుతున్నాను, ఆపండి."

అంకె దొరికింది కాబట్టి పంపు ఆగింది. ఇంకో జానెడున్నర పోస్తే నూనె మూతలోంచి బయటికొచ్చి షామియానా మీద పడేది. సుభద్రమ్మగారు పైకి చూసి, మనవరాల్ని ఒళ్ళోకి లాక్కుని, కుర్చీ ఎత్తుకుని గేటు దగ్గరికెళ్ళి కూర్చున్నారు. మిగతావాళ్ళు కుర్చీలు వదిలేసి వెళ్ళారు.

స్టేజీ మీద చేతిలో పర్మనెంటు కాగితంతో ఛైర్మన్‌గారూ, ఆయన పక్కన పరాంకుశంగారూ మిగిలారు. వెల్డరు నిజంగానే గ్యాసు సిలిండరు దొర్లించుకుంటూ వస్తున్నాడు. పదకొండు మీటర్ల అరవై నూనె ఉన్న ట్యాంకుని తొమ్మిదో మెట్టు దగ్గర కోస్తే ఏమవుతుందో ఆలోచించాల్సిన బాధ్యత ఆ రోజు ఎవరికీ అప్పగించలేదు. తొమ్మిదో మెట్టు మీద ఉన్నది మాత్రం నూకరాజు.

అతను కళ్ళు తెరిచాడు. వెల్డర్ని చూశాడు. ఛైర్మన్‌గారి చేతిలో కాఫీ మరక కాగితాన్ని చూశాడు. తన మాటలన్నీ స్పీకర్లలో అందరికీ వినపడ్డాయని అప్పుడర్థమైంది.

"సార్" అన్నాడు. నాలుగు స్పీకర్లూ సార్ అన్నాయి.

"చెప్పమ్మా" అన్నారు పరాంకుశంగారు, ట్యాంకు వైపు తిరిగి.

"ట్యాంకు కాదండి. నేనండి. చిక్కాల నూకరాజునండి. ఎత్తంటే భయం నాకండి. దానిక్కాదండి."

"మరి ట్యాంకేమంటోంది?"

"ఏమీ అనట్లేదండి. ఎప్పుడూ ఏమీ అనలేదండి. అలగలేదండి. నేనే పైకెక్కలేక కిందనుంచి కొట్టి, తప్పు రాసి, దొరికిపోయి, అలిగిందని చెప్పానండి."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. వెల్డరు మాత్రం, కొయ్యాలా వద్దా రాతపూర్వకంగా ఇమ్మని అడిగాడు. ఛైర్మన్‌గారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. పైనుంచి దిగొస్తున్న దమయంతి, తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి, నూకరాజు పక్కన కూర్చుంది.

"అన్నీ చెప్పేశావా?"

నూకరాజు కడ్డీ వదలకుండానే తల అడ్డంగా ఊపాడు. తర్వాత మెడ వంచి మైకు దగ్గరగా నోరు పెట్టాడు.

"కాజాలు కూడా నేనే తిన్నానండి" అన్నాడు. "ఏడో నంబరు ట్యాంకువి కూడానండి."